పరేడ్‌కు ముందే టీవీలో నిందితుడి మొహం

సంపాదకులకు నమస్కారం.

చైన్ స్నాచింగ్ కానివ్వండి, దాడి కేసు కానివ్వండి, ఎవరైనా దొరికారనగానే ఫొటో వాట్సాప్ గ్రూపుల్లోకీ టీవీలోకీ ఎక్కేస్తోంది. ప్రెస్‌మీట్‌లో పోలీసులు ముసుగు వేసి చూపించినా, సాయంత్రానికల్లా అతని పాత ఫొటో ఎక్కడి నుంచో బయటికి వస్తుంది. ఆ తర్వాత మేజిస్ట్రేట్ సమక్షంలో గుర్తింపు పరేడ్ పెడతారు, అంటే నిందితుణ్ని మరికొందరితో కలిపి నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమంటారు. అప్పుడు సాక్షి గుర్తుపట్టేది రోడ్డు మీద చూసిన మనిషినా, టీవీలో చూసిన మనిషినా? ఆ తేడా సాక్షికే తెలియదు.

నేను సెషన్స్ కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరయ్యాను. సంఘటన జరిగిన ఏళ్ల తర్వాత బోనెక్కే సాక్షులను చాలామందిని చూశాను. చొక్కా రంగు అడిగితే తడబడతారు. ఎంత దూరం నుంచి చూశారంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారి వైపు చూస్తారు. ‘ఇతనేనా?’ అనగానే మాత్రం వేలు ఠక్కున లేస్తుంది. వాళ్లు అబద్ధమాడటం లేదు, నిజంగానే నమ్ముతున్నారు.

జ్ఞాపకం వీడియోలా అలాగే ఉండిపోదు. తలచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని మళ్లీ కూర్చుకుంటుంది, మధ్యలో విన్నవీ చూసినవీ అందులో కలిసిపోతాయి. 1974లో అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్మ్ చూపించారు. కొందరిని కార్లు ‘తగిలినప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని, ఇంకొందరిని ‘బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అంటే రెండో మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మొదటి మాట విన్న 50 మందిలో ఏడుగురే అన్నారు. ఫిల్ములో పగిలిన గాజే లేదు. ఒక్క మాట మారితేనే ఇలా ఉంటే, రోజంతా టీవీలో తిరిగే మొహం సంగతేమిటి?

ఆ దేశంలోనే, నార్త్ కరోలినాలో 1984లో అత్యాచారానికి గురైన ఒక యువతి దుండగుడి మొహాన్ని పనిగట్టుకుని గుర్తుపెట్టుకుంది. ముందు ఫొటోల్లో, తర్వాత వరుసలో నిలబెట్టిన వాళ్లలో రొనాల్డ్ కాటన్‌ను చూపించింది. తర్వాత అసలు నేరస్థుణ్ని కోర్టులో ఎదురుగా నిలబెట్టినా, ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. అప్పటికి ఆమె జ్ఞాపకంలో ఉన్నది కాటన్ మొహమే. అతను పదేళ్లకు పైగా జైల్లో మగ్గాక, 1995లో డీఎన్ఏ పరీక్షతో బయటపడ్డాడు.

సాక్షుల్ని నమ్మొద్దని నేననడం లేదు. ఎవరూ ఏమీ అందించకముందు, వేడిమీద చెప్పిన మొదటి మాటకు చాలా విలువ ఉంది. దాన్నే మనం కాపాడుకోవడం లేదు. సాక్షి వాంగ్మూలాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేసే వీలు నేర విచారణ పద్ధతులను నిర్దేశించే కొత్త బీఎన్ఎస్ఎస్ చట్టంలోనూ ఉంది, కానీ తప్పనిసరి కాదు. గుర్తింపు పరేడ్‌కు వీడియో తప్పనిసరి చేసింది సాక్షి దివ్యాంగులైన సందర్భంలోనే. రెండు తెలుగు రాష్ట్రాల హోం శాఖలూ తీవ్రమైన కేసులన్నిటిలో ఈ రెండింటినీ తప్పనిసరి చేయాలి. సాక్షి ‘ఇతనే’ అన్నప్పుడు ఎంత ఖాయంగా అన్నారో సొంత మాటల్లోనే రాసుకోవాలి.

పరేడ్ అయ్యేదాకా నిందితుడి మొహం వేయకుండా ఉండటానికి మాత్రం పత్రికలకు ఏ జీవో అక్కర్లేదు. మీ జిల్లా పేజీలతోనే అది మొదలుపెట్టమని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ కోర్టు ఉద్యోగి, గుంటూరు