చేతిపంపు మీద ఫ్లోరైడు అంకె రాయించండి, కలెక్టరు గారూ

చంద్రపూర్ జిల్లా కలెక్టరు గారికి,

నమస్కారం. మరాఠీలో అర్జీ ఇదివరకే ఇచ్చాను. మా వీధిలోని వాళ్ళు కూడా చదవాలని ఇది తెలుగులో రాస్తున్నాను. మా రాజురా ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఆదిలాబాదు జిల్లాలోది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాకు మామూలే.

పోయిన నెల మా కోడలు టూత్‌పేస్టు తీసి చెత్తబుట్టలో పడేసింది. పళ్ళు పుచ్చకుండా పేస్టులో కలిపే ఫ్లోరైడు నోటిలోని కణాలను చంపేస్తుందని ఎవరో ఫోనులో పంపారట. ఆరేళ్ళ మనవడి చేతిలో బొగ్గుపొడి పెట్టింది. బతుకంతా గనిలో బొగ్గు మింగిన నాకు నవ్వు వచ్చింది. ఆ తరువాత చేతిపంపు నీళ్ళు కాచి, చల్లార్చి, సీసాలో పోసి వాడిని బడికి పంపింది. నా దిగులంతా ఆ సీసా గురించే.

ఫోనులో వచ్చిన మాటలో గోరంత నిజం లేకపోలేదు. ప్రయోగశాలలో చిగుళ్ళ కణాలను ఎక్కువ మోతాదు ఫ్లోరైడులో గంటల తరబడి ఉంచితే దెబ్బతింటాయి. కానీ నోటిలో లాలాజలం ఊరుతూనే ఉంటుంది. పేస్టు పలచబడుతుంది, రెండు నిమిషాల్లో ఉమ్మేస్తాం. కొందరికి పేస్టుతో నోరు పూస్తుంది. అందుకు నురుగు కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేటు కారణం కావచ్చు.

పేస్టులో ఫ్లోరైడు 1000 పీపీఎం, అంటే గ్రాముకు ఒక మిల్లీగ్రాము, మించకూడదని, ఎంత ఉందో ట్యూబు మీద అచ్చువేయాలని మన దేశంలో నిబంధన. తాగునీటికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంటే 1.5 పీపీఎం. రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. లెక్క వేస్తే కథ తిరగబడుతుంది. బఠానీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము. పిల్లవాడు అంతా మింగేసినా కడుపులోకి పోయేది పావు మిల్లీగ్రాము. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళు ఒక్క లీటరు తాగితే దానికి పన్నెండింతలు. నీళ్ళను ఉమ్మేయం కదా! కాచినా ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయిన కొద్దీ మిగిలిన నీటిలో ఇంకాస్త చిక్కబడుతుంది. ఈ మాట చెబితే కోడలు నమ్మలేదు. కాచి తాగమని అందరూ చెప్పేదే కదా అంది. ఆమెను ఏమని తప్పుపట్టను?

మన జిల్లాలోనూ పక్కనున్న యవత్మాళ్‌లోనూ భూగర్భజలాల్లో ఫ్లోరైడు బెడద కొత్తది కాదు. చిగుళ్ళ లోపల పన్ను తయారయ్యే వయసులో ఫ్లోరైడు ఎక్కువైతే పంటికి పట్టే మరక పైపై గార కాదు, ఎంత తోమినా వదలదు.

ఇంకొక మాట. ఆ సందేశం మాకు పంపిన పెద్దమనిషి బుగ్గలో ఎప్పుడూ ఖర్రా ఉంటుంది. వక్క, పొగాకు, సున్నం. నోటి కణాల మీద అంత బెంగ ఉన్నవాడు ముందు దానిని ఉమ్మేయాలి. నాతో గనిలో పనిచేసిన ఒకాయనకు ఆ ఖర్రా నమిలి నమిలి ఇప్పుడు రెండు వేళ్ళు పట్టేంత కూడా నోరు తెరుచుకోదు.

మా పంపు నీళ్ళు పరీక్షకు తీసుకువెళ్ళారు. ఫలితం అడిగితే ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పొమ్మంది. జిల్లాలో ప్రతి చేతిపంపు మీద ఫ్లోరైడు ఎంతో మరాఠీలోనూ తెలుగులోనూ రాయించండి. పరిమితి దాటిన చోట ముందు వేరే నీళ్ళు ఇప్పించండి. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత పేస్టు, ఆపైన బఠానీ గింజంత చాలని, పెద్దలు పక్కన నిలబడి ఉమ్మించాలని అంగన్‌వాడీల్లో చెప్పించండి.

మా పంపు వీధి చివర వేపచెట్టు కింద ఉంది. రంగు డబ్బా, కుంచె నేనే కొంటాను. అంకె మాత్రం మీరు చెప్పాలి.

ఇట్లు,
రాజురా నుంచి ఒక విశ్రాంత బొగ్గుగని కార్మికుడు