తడిసిన డైపర్‌ను చూసి యాంటీబయాటిక్ రాయకండి

సంపాదకులకు,

పల్లెల్లో పెట్టే ఉచిత వైద్య శిబిరాల్లో షుగర్, బీపీలతో పాటు, మూత్రం ఆపుకోలేని పెద్దవాళ్లందరికీ యూరిన్ స్ట్రిప్పు (మూత్రంలో ముంచి రంగు మార్పు చూసే పట్టీ) పరీక్ష కూడా చేయాలని కొందరు కోరుతున్నారు. కోరిక మంచిదే గానీ, దానివల్ల జరిగేది కీడే.

వయసు మీరినవాళ్ల మూత్రాశయంలో బ్యాక్టీరియా ఏ బాధా పెట్టకుండా ఉండిపోవడం చాలా మామూలు. వృద్ధాశ్రమాల్లో ఉండే ఆడవాళ్లలో నూటికి 25 నుంచి 50 మందిలో, మగవాళ్లలో 15 నుంచి 40 మందిలో ఇలా ఉంటుంది. నెలల తరబడి మూత్రం పైపు (క్యాథెటర్) ఉన్నవాళ్లలో దాదాపు అందరిలోనూ ఉంటుంది. వీళ్లకు స్ట్రిప్పు రంగు మారుతుంది, పస్ సెల్స్ (చీము కణాలు) కనిపిస్తాయి, ల్యాబులో క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షలో క్రిములు పెరుగుతాయి. అంతమాత్రాన అది జబ్బు కాదు. బాధలేమీ లేనివాళ్లకు వెతికి వెతికి పరీక్ష చేయొద్దనీ, మందు ఇవ్వొద్దనీ అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019లో స్పష్టంగా చెప్పింది. గర్భిణులకూ, మూత్రనాళంలో పరికరం పెట్టి చేసే కొన్ని ఆపరేషన్లకు ముందూ మాత్రమే మినహాయింపు.

మరి ఇన్ఫెక్షన్ ఉందని ఎప్పుడు అనుమానించాలి? ఏళ్లుగా ఉన్న లీకేజీ లెక్కలోకి రాదు. కొత్తగా మంట రావడం, ఉన్నట్టుండి ఎక్కువసార్లు పోవడం లేదా లీకేజీ బాగా పెరగడం, పొత్తికడుపులో గానీ డొక్కలో గానీ నొప్పి, మూత్రంలో రక్తం, వణుకుతో జ్వరం, ఇవీ చూడాల్సినవి. వాసన వస్తోందనో, మూత్రం చిక్కగా ఉందనో పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు. మన ఎండల్లో నీళ్లు తక్కువ తాగితే ఎవరి మూత్రమైనా అలాగే ఉంటుంది. పెద్దాయన హఠాత్తుగా తికమకగా మాట్లాడినా ముందు షుగర్, సోడియం, ఒంట్లో నీరు, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మాత్రలు చూడాలి. దానికి జ్వరమో, బీపీ పడిపోవడమో తోడైతే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పరీక్ష నిజంగా అవసరమైనప్పుడు శాంపిల్ దగ్గరే పని చెడుతోంది. డైపర్ పిండి, బెడ్‌పాన్‌లోంచి వంపి, పైపుకు తగిలించిన మూత్రం బ్యాగు అడుగు నుంచి పట్టి పంపిస్తే రిపోర్టులో రెండు మూడు రకాల క్రిములు వస్తాయి. అది కలుషితమైన శాంపిలే తప్ప ఇన్ఫెక్షన్‌కు రుజువు కాదు. చెప్పినట్టు చేయగలిగినవాళ్లను నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కోమనాలి. డెట్టాల్ వద్దు, అది శాంపిల్లో పడితే ఉన్న క్రిములు కూడా చచ్చి రిపోర్టు తప్పుగా వస్తుంది. మొదట కొంచెం వదిలేసి, మధ్యధార 10, 20 మిల్లీలీటర్లు స్టెరైల్ డబ్బాలో పట్టాలి. మంచం మీదున్న మగవాళ్లకు శుభ్రం చేసి కొత్త కండోమ్ క్యాథెటర్ (అంగానికి పైనుంచి తొడిగే, పైపున్న తొడుగు) తొడిగి, మూత్రం రాగానే తీసుకోవచ్చు. ఆడవాళ్లకు నర్సు సన్నటి పైపు ఒక్కసారి పెట్టి తీసేయాలి. పైపు రెండు వారాలకు మించి ఉంటే పాతది తీసి, కొత్తది వేశాకే శాంపిల్ పట్టాలి. యాంటీబయాటిక్ మొదటి డోసు ఆ తర్వాతే.

ఇక ప్రయాణం. వింజమూరు నుంచో కనిగిరి నుంచో డబ్బా బస్సులో పట్నం ల్యాబుకు చేరేసరికి గంటలు గడుస్తాయి. ఒంటి వేడి దగ్గర, మూత్రంలో తరచూ కనిపించే ఈ-కోలై అనే బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకు రెట్టింపవుతుంది. అదే జోరు సాగితే మిల్లీలీటరుకు 2 వేలు ఉన్నవి రెండు గంటల్లో 1.28 లక్షలు. ఇన్ఫెక్షన్ అనడానికి వాడే గీత లక్ష! లేని జబ్బు దారిలోనే పుడుతుందన్నమాట. అందుకే రెండు గంటల్లో ల్యాబు చేరాలి, లేదంటే 4 డిగ్రీల చల్లదనంలో ఉంచి 24 గంటల లోపు.

అనవసరపు మందు ఊరికే పోదు. విరేచనాలు పట్టుకుంటాయి, మొండి క్రిములు మిగులుతాయి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఇస్తే షుగర్ అమాంతం పడిపోవచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న కనిగిరి, పామూరు వైపు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా నైట్రోఫ్యురంటాయిన్ అనే యాంటీబయాటిక్ రాయడం మరీ పొరపాటు.

శిబిరాల్లో స్ట్రిప్పుల ఖర్చు మానేసి లీకేజీ ఎందుకో అడిగితే ఎంతో మేలు. సాయంత్రం వేసుకునే, మూత్రం ఎక్కువ పోయించే నీటి మాత్రా? మగవాళ్లలో ప్రొస్టేట్ గ్రంథి సమస్యా? మలబద్ధకమా? మోకాళ్ల నొప్పితో మరుగుదొడ్డి దాకా వెళ్లలేకపోవడమా? మూడు రోజుల పాటు ఎప్పుడెప్పుడు మూత్రం పోశారో రాయిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మగవాళ్లకు పోశాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూడాలి.

జిల్లా వైద్యాధికారులను కోరేది ఇది: ప్రతి పీహెచ్‌సీకి, దారిలో క్రిములు పెరగకుండా ఆపే బోరిక్ యాసిడ్ ఉన్న స్టెరైల్ డబ్బాలు, శాంపిళ్లకే కేటాయించిన ఐస్ బాక్సు ఒకటి ఇవ్వండి. టీకాలు తీసుకెళ్లే బాక్సులో మూత్రం పెట్టకూడదు. శాంపిల్ చీటీ మీద పట్టిన సమయం, పట్టిన పద్ధతి, రోగికున్న బాధ ఏమిటో రాసేందుకు మూడు గళ్లు అచ్చు వేయించండి. మూడో గడి ఖాళీగా వస్తే ల్యాబు ఆ డబ్బాను తిప్పి పంపవచ్చు.

— వృద్ధుల సంరక్షణలో పనిచేసే నర్సులు, ఒంగోలు