పేరు మనది, సర్టిఫికెట్ వాళ్లది

సంపాదకుడు గారికి,

నకిలీ సరుకుల మీద మీ సంపాదకీయం చదివాను. వర్ధమాన దేశాల్లో ట్రేడ్‌మార్క్ అనగానే పెద్ద విదేశీ కంపెనీల పేర్లను ఇక్కడివాళ్లు కాపీ కొడుతున్నారన్న మాటే వినిపిస్తుంది. కాదనను. కానీ పేరు పోగొట్టుకున్న చిన్నవాళ్ల గోడు ఎవరికీ పట్టదు.

మాది పంపుల విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్. సొంత దేశంలో పేరు ఎప్పుడో రిజిస్టర్ చేయించాం, ఇక చాలనుకున్నాం. ట్రేడ్‌మార్క్ హక్కు సరిహద్దు దాటదన్న సంగతి, పరాయి దేశం కస్టమ్స్‌లో మా కంటైనర్ ఆగిపోయాక తెలిసింది. నాలుగేళ్లుగా మా సరుకు అమ్మిన డిస్ట్రిబ్యూటరే అక్కడ మా పేరును తన పేరిట రాయించుకున్నాడు. సర్టిఫికెట్ కాపీ తెప్పించి చూశాను. మా లోగోలోని పళ్ల చక్రానికి పన్నెండు పళ్లు ఉండాలి. గీసినతను లెక్క తప్పి పదకొండే వేశాడు, మేమూ అలాగే వదిలేశాం. సర్టిఫికెట్‌లోనూ పదకొండే!

చాలా దేశాల్లో ముందు వాడినవాడిది కాదు, ముందు దరఖాస్తు పెట్టినవాడిదే పేరు. ఐప్యాడ్ పేరు కోసం చైనాలో యాపిల్ అంతటి కంపెనీయే 2012లో 6 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడింది. మేమెంత?

యజమాని అనుమతి లేకుండా ఏజెంటు ఆ పేరును తన పేరిట రాయించుకుంటే దాన్ని రద్దు చేయించుకోవచ్చని, ట్రేడ్‌మార్క్‌ల వంటి హక్కులపై దేశాలు చేసుకున్న 1883 నాటి పారిస్ ఒప్పందంలో తర్వాత చేర్చిన నిబంధన ఉంది. ‘నేను సరుకు కొనుక్కున్నవాణ్ణి, ఏజెంటును కాను’ అని వాదిస్తున్నాడు మావాడు. కేసంతా ఆ ఒక్క మాట మీదే నలుగుతోంది. అదే ఒప్పందం ప్రకారం సొంత దేశంలో దరఖాస్తు పెట్టిన ఆరు నెలల్లోపు బయటి దేశంలోనూ దరఖాస్తు పెడితే మొదటి తేదీయే లెక్కలోకి వచ్చేది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. మాడ్రిడ్ పద్ధతి అనే అంతర్జాతీయ ఏర్పాటులో ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో రిజిస్ట్రేషన్ అడగవచ్చని కూడా ఆలస్యంగానే తెలిసింది.

మేం వెళ్లిన ఎగుమతి శిక్షణ తరగతుల్లో ప్యాకింగ్, షిప్పింగ్, బ్యాంకు కాగితాలు అన్నీ నేర్పారు. డిస్ట్రిబ్యూటర్‌తో సంతకం పెట్టే ముందే అతని దేశంలో పేరు రాయించుకోమని ఒక్కరూ అనలేదు. ఆ ఒక్క గంట పాఠం చేర్చమని ప్రభుత్వాలకు మీ పత్రిక గట్టిగా చెప్పాలి.

ప్రస్తుతానికి ఆ దేశానికి మా సరుకు పేరూ లోగో లేని తెల్ల అట్టపెట్టెల్లో వెళుతోంది.

ఇట్లు,
ఒక చిన్న తయారీదారు