కుంభాభిషేకం బురద ఖాళీ జాగా కాదు

సంపాదకులకు,

మొన్న ఆదివారం పొద్దున్నే కాకినాడ కుంభాభిషేకం రేవు పక్కన బైనాక్యులర్ పట్టుకుని నిలబడ్డాను. నీరు బాగా తీసి ఉంది, కనుచూపు మేర బురదే. కర్లూ అనే ఒక వలస పిట్ట తన బెత్తెడుకు మించిన వంపు ముక్కును బొరియలో కళ్లదాకా దించి ఓ పీతను లాగింది. అలాగే మింగెయ్యలేదు. విదిలించి విదిలించి కాళ్లు ఊడగొట్టి, పక్క గుంటలో నీళ్లలో కడుక్కుని మరీ మింగింది. మా ఇంట్లో కూరగాయలు కూడా అంత శుభ్రంగా కడగం.

సరిగ్గా అప్పుడే నా వెనక ఓ ట్రాక్టరు వచ్చి, పడగొట్టిన ఇంటి ఇటుకముక్కలు, పెంకులు ఒడ్డున కుమ్మరించింది. ఇదేంటి బాబూ అని అడిగితే డ్రైవరు మర్యాదగానే చెప్పాడు. "ఖాళీ బురదే కదండీ. పిట్టలు అంత దూరాన ఉన్నాయి, వాటికేం అడ్డమండీ?"

వినడానికి సబబుగానే ఉంది. కానీ పిట్టలు దూరంగా ఉండేది నీరు తీసినంతసేపే. పోటు ఎక్కేకొద్దీ మేత నేల మునుగుతుంది. అవి జరుగుతూ జరుగుతూ ఒడ్డుకొచ్చి, మునగని కాస్త మెరక మీద గుంపుగా చేరి, ఒంటికాలి మీద, ముక్కు రెక్కలో దూర్చుకుని మళ్లీ నీరు తీసేదాకా కాచుకుంటాయి. రోజుకు రెండు పోట్లు, రెండుసార్లూ ఇదే వరస. చెత్త పడుతున్నది ఆ మెరక మీదే. అది పోతే గాల్లో చక్కర్లు కొట్టాలి. ఉత్తర సైబీరియా నుంచి వచ్చిన యాభై అరవై గ్రాముల ఉల్లంకి పిట్ట వేసవి మొదట్లో తిరిగి అంత దూరమూ పోవడానికి కూడబెట్టుకున్న కొవ్వు ఇక్కడే కరిగిపోతుంది.

చలికాలం స్కిమ్మర్లు కూడా ఇక్కడికి వస్తాయి. నారింజరంగు ముక్కు, అందులో కింది దవడ పైదానికన్నా పొడుగు. దాన్ని నీళ్లలో ఆనించి గీత గీసినట్టు ఎగురుతూ చేపల్ని పడతాయి. చంబల్, మహానది ఇసుకతిన్నెల మీద గుడ్లు పెట్టే ఈ పక్షి ప్రమాదస్థాయిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ 2020లో ఇంకో మెట్టు పెంచింది.

కోరింగ మడ అడవుల అభయారణ్యం ఉందిగా అంటారు. 1978 నుంచీ ఉంది, 235 చదరపు కిలోమీటర్లు. ఈ బురద దాని హద్దులో లేదు. పైగా మడ కొమ్మల మీద కొంగలు వాలతాయి గానీ ఈ పిట్టలకు బయలు కావాలి, గద్ద వస్తే దూరం నుంచే కనపడాలి.

చట్టం లేకపోలేదు. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ జీవమున్న బురదనేలల్ని, మడ అడవుల్ని ఒకే తరగతిలో, అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న దాంట్లో పెట్టింది. మన ఊళ్లోనే దుమ్ములపేట మడ సంగతి హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లడం మనం చూశాం. బురదకు ఆపాటి గొంతు కూడా లేదు. నేను అర్జీ పట్టుకెళ్తే ఒక కార్యాలయం ఇంకోదాన్ని చూపించింది, అదేమో మొదటిదాన్నే చూపించింది.

పిట్టల్ని చూడ్డానికొచ్చే మావాళ్ల తప్పూ ఉంది. ఎగిరే ఫొటో కోసం గుంపు మీదకు పరుగెత్తే కెమెరా రాయుళ్లకు ట్రాక్టరుని తిట్టే అర్హత లేదు.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. ఆ ఒడ్డు ఎవరి పరిధో తేల్చి, పేరు రాసి బోర్డు పెట్టండి. కూల్చిన ఇళ్ల చెత్తకు ఊరి బయట వేరే చోటు చూపించండి. జనవరిలో నీటిపక్షుల లెక్కకు జనం వస్తారు, ఆలోగా ట్రాక్టరు దారికి అడ్డంగా రెండు రాళ్లు పాతించండి.

— విశ్రాంత ఉపాధ్యాయుడు,
జగన్నాథపురం, కాకినాడ