బెంగళూరు - గన్నవరం: ఎంత దూరం, ఎంతసేపు

అందరికీ నమస్కారమండీ. సంక్రాంతికి ఊరెళ్లే హడావిడిలో ఫ్లైట్ ఎంతసేపని చాలామంది అడుగుతున్నారు, అందుకే ఇక్కడే రాస్తున్నా.

గాల్లో నేరుగా కొలిస్తే గన్నవరం (విజయవాడ ఎయిర్‌పోర్టు) దాదాపు 500 కి.మీ., రోడ్డు మీదైతే 650 దాకా అవుతుంది. జెట్ గంటకి 800 కి.మీ. వేగం అందుకుంటుంది కదా, మరి టికెట్‌లో గంటంపావు, గంటన్నర అని ఎందుకు వేస్తారంటే, అది గేటు నుంచి గేటుకి లెక్క. రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, వరుసలో ఆగడం అన్నీ అందులోనే. గాల్లో ఉండేది సుమారు గంటే. ఏటీఆర్ అయితే ఇంకాస్త ఎక్కువ. ఆ ఫ్యాన్ల విమానం గంటకి 500 కి.మీ. చుట్టుపక్కలే పోతుంది. పైన సామాన్ల అర ఇరుకు, అరిసెల డబ్బా పడుతుందేమో గానీ పెద్ద ట్రాలీ పట్టదు.

అసలు టెన్షన్ బెంగళూరులో సిల్క్‌బోర్డు నుంచి దేవనహళ్లి ఎయిర్‌పోర్టు చేరడం. సాయంత్రం ఫ్లైటైతే వాయు వజ్ర బస్సెక్కినా సరే, ట్రాఫిక్‌కే రెండు మూడు గంటలు వదిలేయండి. బ్యాగులు తీసుకోవడం సాధారణంగా గంట ముందే ఆపేస్తారు. టెర్మినల్ 1 ఆ, 2 ఆ అన్నది బయల్దేరే ముందే చూసుకోండి. గన్నవరంలో దిగాక బెజవాడ బస్టాండు ఇంకో 20 కి.మీ.

ఒకే ఫ్లైట్‌కి వెళ్లేవాళ్లుంటే ఇక్కడే చెప్పండి, క్యాబ్ కలిపి మాట్లాడుకుందాం.