అటుకుల అపొస్తలుడి ఉత్తరం

పర్లాకిమిడి,
శుక్రవారం, మధ్యాహ్నం.

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలు దాటినా జవాబు రాయనందుకు ముందుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇంత సంగతి ఫోనులో చెప్పవచ్చు కదా అని నువ్వు అంటావు. ఫోనులో చెబితే నువ్వు మధ్యలో నవ్వుతావు, నువ్వు నవ్వితే నేను కథ మార్చేస్తాను, ఆ మార్చే అలవాటే ఈ ఉత్తరానికి కారణం. గిడుగువారి ఊరిలో కూర్చుని ఇంత బిగుసుకుపోయిన భాషలో ఉత్తరాలు రాస్తానని వెక్కిరిస్తావు కాబట్టి, ఆ మాటకు కూడా ఈసారి జవాబు దొరుకుతుంది, కొంచెం ఓపిక పట్టు.

ఇంటి కబుర్లు: అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, చెల్లెలి పెళ్లి మాటలు పలాస సంబంధం దగ్గర ఆగి ఉన్నాయి, హీబ్రూలో రెండోసారికి గట్టెక్కాను. నా దైవశాస్త్ర పట్టా ఇచ్చే శ్రీరాంపూరు కళాశాలకు ఆ అధికారం 1827లో డెన్మార్కు రాజు ఇచ్చాడని ఎప్పుడో నోరు జారినందుకు నువ్వు పేరు పెట్టిన ఆ ‘డెన్మార్కు చదువు’ పూర్తయింది.

అసలు సంగతికి వస్తాను. గత బుధవారం బరంపురంలో సంఘ పెద్దల ముందు నా విచారణ జరిగింది. దైవశాస్త్రంలో పట్టా చేతికి వచ్చినంత మాత్రాన ఎవరూ సంఘ కాపరి, అంటే పాస్టరు, కారని, చదువుకు పంపిన సంఘమే తిరిగి పిలిచి, విశ్వాసాన్నీ నడవడినీ పిలుపునూ విచారించి, కొంతకాలం పల్లెల్లో పని చేయించి చూసి, ఆ తరువాతే అభిషేకం మాట ఎత్తుతుందని నీకు వెనుక చెప్పాను. ఏడుగురు పెద్దలు కూర్చున్నారు. బాప్తిస్మం గురించి, ప్రభువు బల్ల గురించి, మరణశయ్య మీద ఉన్నవారి దగ్గర ఏమి మాట్లాడాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నదాని గురించి అడిగారు. ఒక గంట హాయిగా గడిచింది. అప్పుడు అధ్యక్షులవారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, “బాబూ, ఇక నీ పిలుపు సాక్ష్యం చెప్పు” అన్నారు. అంటే దేవుడు నన్ను ఈ పనికి ఎలా పిలిచాడో చెప్పాలి.

నా సాక్ష్యం తిత్లీ తుఫాను సాక్ష్యమని నీకు తెలుసు, కానీ నువ్వు దాన్ని పూర్తిగా ఎన్నడూ వినలేదు. నువ్వు ఉన్న సభలో నేను దాన్ని ఎన్నడూ చెప్పలేదు కాబట్టి వినలేదు. ఇది యాదృచ్ఛికమని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. 2019లో యువజన కూటంలో మొదటిసారి చెప్పినప్పుడు, కప్పు రేకు ఎగిరిపోయింది, భయపడ్డాను, ప్రార్థించాను అని మాత్రమే చెప్పాను. రెండోసారికి గాలిలో ఒక స్వరం వినిపించింది. మూడోసారికి, బైబిల్లో దేవుడు బాలుడైన సమూయేలును పిలిచినట్టు, ఆ స్వరం నన్ను రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. కళాశాలలో చేరే దరఖాస్తు రాసేనాటికి గదిలో వెలుగు కూడా వచ్చింది. ఒక్కసారి కూడా అబద్ధం చెబుతున్నానని నాకు అనిపించలేదు బావా. ముందు వరుసలోని ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్న చోట కథ తనంతట తానే కొంచెం ఆగేది, మరుసటిసారి ఆ చోట కొంచెం పెరిగేది.

జరిగినది నీకూ నాకూ తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మీ అమ్మమ్మ లేగదూడను కూడా గదిలోకి తోలి తలుపుకు రోలు అడ్డం పెట్టింది. మనమిద్దరం పట్టెమంచం కింద దూరాము. నువ్వు ఆంజనేయస్వామిని తలచుకుంటున్నావు, నేను డబ్బాలో అటుకులు తింటున్నాను. రేకు ఎగిరిపోయిన క్షణంలో నా నోటి నుంచి వచ్చిన మాట “బెల్లం ఇటియ్యి” అన్నది. మరునాడే నువ్వు నాకు ‘అటుకుల అపొస్తలుడు’ అని బిరుదు ఇచ్చావు. ఆ బిరుదును నేను ఏ దరఖాస్తులోనూ రాయలేదు.

ఇది బయటపడిన తీరు చెబుతాను. మూడో సంవత్సరంలో మమ్మల్ని మూడు రోజుల మౌన ధ్యానానికి గోపాల్‌పూర్ సముద్రతీరానికి తీసుకుపోయారు. ఎవరితోనూ మాట్లాడకూడదు, రోజుకు అరగంట మాత్రం ఆత్మీయ మార్గదర్శి అయిన ఒక ముసలి అయ్యగారి దగ్గర కూర్చోవాలి. నేను ఆయనకు నా తుఫాను సాక్ష్యాన్ని వెలుగుతో సహా వినిపించాను. ఆయన కళ్లు తుడుచుకోలేదు. వేరుశనగకాయలు ఒలుచుకుంటూ, “దేవుడు నీతో ఏ భాషలో మాట్లాడాడు?” అని అడిగారు. తెలుగులో అన్నాను. “ఏమన్నాడు?” అన్నారు. “నా కుమారుడా, నీవు వెళ్లుము” అన్నాడని చెప్పాను. “మీ ఊళ్లో ‘వెళ్లుము’ అని ఎవరంటారు?” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. మన ఊళ్లో ‘వెళ్లుము’ అని ఎవరూ అనరు. ‘వెళ్లు’ అంటారు, ‘ఎల్లరా’ అంటారు. జనం నోటి మాటే రాతలోకి రావాలని గిడుగు రామమూర్తిగారు పోరాడింది ఈ ఊళ్లోనే, కొండ మీది సవరల భాషను వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకున్నదీ ఈ ఊళ్లోనే. అటువంటి ఊరిలో పుట్టిన నేను, దేవుడి నోట పాత బైబిలు అనువాదపు తెలుగు పెట్టి ఆరేళ్లుగా ఊరేగించాను. అయ్యగారు ఆ పూటకు మరేమీ అనకుండా రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయం చదువుకొమ్మన్నారు. ఏలీయా ముందు కొండలను బద్దలు చేసే గాలి వీస్తుంది, ఆ గాలిలో దేవుడు ఉండడు. అదే అధ్యాయంలో అంతకు ముందు, బతకలేనని చెట్టు కింద పడుకున్న ఆ ప్రవక్తను దూత లేపి, లేచి తిను అంటాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. అటుకులు కావు, అంతే తేడా.

ఆ తరువాత నాకు రోజూ రాత్రి చేసే ఆత్మపరిశీలన నేర్పారు. దీన్ని జనంలోకి తెచ్చిన ఇగ్నేషియస్ లయోలా ఒక స్పెయిన్ సైనికుడు. 1521లో పాంప్లోనా దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, నెలల తరబడి మంచాన పడ్డాడు. వీరుడిగా పేరు తెచ్చుకునే పగటికలలు కన్నంతసేపూ తియ్యగానే ఉండి తరువాత మనసును ఎండగట్టేవనీ, భక్తుల బాటలో నడిచే ఊహలు మాత్రం అయిపోయాక కూడా నెమ్మదినిచ్చేవనీ అక్కడ గమనించాడు. నేను అదే కొలత నా సాక్ష్యానికి పెట్టి చూశాను. సభలో చెప్పిన ప్రతి రాత్రీ నాకు నాలుక ఎండిపోయినట్టు ఉండేది. అలసట అనుకునేవాణ్ణి. మరి నెమ్మదినిచ్చిన జ్ఞాపకం ఏదా అని వెతికితే, తుఫాను మరునాటి పొద్దున ఒకటి తగిలింది. అది ఇంకొంచెం ఆగి చెబుతాను.

బరంపురంలో ఆ బల్ల ముందు మంచం, దూడ, బెల్లం అన్నీ చెప్పేశాను. ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఇంకొకాయన మాత్రం ముఖం గంటు పెట్టుకుని, “నీ సాక్ష్యం విని మా సంఘంలో ఒక ముసలమ్మ కోడిని అమ్మి నీ చదువుకు కానుక వేసింది. ఆమెకు నేను ఏమని చెప్పాలి?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు బావా. ఇప్పటికీ లేదు. ఆమె ఇంటికి నేనే వెళ్లి చెప్పాలని అనుకుంటున్నాను గానీ, చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలో... సరే, అది తరువాత.

అప్పుడు హెడ్మాస్టరుగా రిటైరైన పెద్ద ఒకాయన, ఇంతకీ పిలుపు ఉన్నట్టా లేనట్టా అని అడిగారు. మరునాటి పొద్దున సంగతి చెప్పాను. మహేంద్రతనయ పొంగి, ఏటి ఒడ్డు పేటంతా నీళ్లలో ఉంది. పల్లె సంఘంలో వాక్యం చెప్పే ముసలి ఉపదేశి ఒకాయన తడిసిన నోటు పుస్తకం పట్టుకుని, మన ఇల్లు మీ ఇల్లు అని చూడకుండా గడపగడపకూ తిరిగి ఎవరున్నారు, ఎవరు కనబడటం లేదు అని రాసుకుంటున్నారు. మనం మిగిలిన అటుకుల డబ్బా పట్టుకుని ఆయన వెనుక తిరిగాము. చేతులు వణుకుతున్నాయని ఆయన పుస్తకం నా చేతికి ఇచ్చారు. మధ్యాహ్నం దాకా నేను పేర్లు రాశాను. ఇది ఎవరూ ఏడ్చే కథ కాదు కాబట్టి నేను ఎక్కడా చెప్పలేదు.

“ఆయన ఏమన్నాడు, పుస్తకం ఇచ్చేటప్పుడు?” అన్నారు హెడ్మాస్టరుగారు. “రాయరా” అన్నారని నాకు జ్ఞాపకం. కానీ నా జ్ఞాపకం ఎంత గట్టిదో అప్పుడే అందరికీ తెలిసిపోయింది కదా. ఆ ఉపదేశి కాలం చేశారు. ఆ రోజు నీతో ఎవరున్నారని అడిగితే నీ సంగతి చెప్పాను. క్రైస్తవుడా అన్నారు. కాదండీ, శనివారాలు ఆంజనేయస్వామి గుడికి వెళతాడన్నాను. “మంచిది, అతడికి మనల్ని మెప్పించే అవసరం లేదు. అతణ్ణి రాయమను” అన్నారు. నా విషయం పైనెల సమావేశానికి వాయిదా పడింది.

కాబట్టి నువ్వు రాయాలి. నాకు అనుకూలంగా రాయవద్దు, దూడను వదిలిపెట్టవద్దు. పుస్తకం నా చేతికి వచ్చినప్పుడు ఆయన ఏమన్నారో, అసలు ఏమైనా అన్నారో లేదో, నీకు ఏది గుర్తుంటే అదే రాయి. ఏమీ అనలేదని నువ్వు రాస్తే నాకు ఎలా ఉంటుందో రాత్రి నుంచి ఆలోచిస్తున్నాను. దాన్ని గురించి రెండు మాటలు రాద్దామనే ఈ పేజీ ఉంచాను, కానీ మోహనా వెళ్లే బస్సు స్టాండులోకి వచ్చేసింది, ఆదివారం ఆరాధన అక్కడ పైపల్లెలో, కండక్టరు కేకలు వేస్తున్నాడు. అమ్మమ్మకు నా నమస్కారాలు చెప్పు. కవరు మీద చిరునామా పాతదే

ఇట్లు,
నీ అటుకుల అపొస్తలుడు