మీరు పంపిన పైన్ పొట్టు గురించి ఫిర్యాదు

విజయవాడ,
12 మార్చి 2025

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. నేను పటమటలో నాలుగేళ్లుగా వరిగడ్డి మీద ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. గత నవంబరు మొదటి వారంలో మీ దగ్గర కాలీఫ్లవర్ పుట్టగొడుగు విత్తనం, దానికోసం నాలుగు బస్తాల పైన్ చెక్క రంపపు పొట్టు, మొత్తం 100 కిలోలు కొన్నాను. రెండిటికీ కలిపి 18,600 రూపాయలు కట్టాను. బిల్లు కాపీ జతచేశాను.

పైన్ చెక్క నాకు కొత్త కాదు. మా వారు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తారు. విప్పేసిన ప్యాకింగ్ పెట్టెల చెక్క అక్కడ కావలసినంత దొరుకుతుంది, అడిగితే ఊరికే ఇస్తారు. అయినా నేను తెచ్చుకోలేదు. ఆ చెక్కకు ఏ మందు పట్టించారో తెలియకుండా దాని మీద తిండి పండించడం నాకిష్టం లేదు. మీ బస్తా మీద 'మందులు తగలని శుద్ధమైన పైన్' అని రాసి ఉంది కాబట్టే డబ్బు పెట్టి కొన్నాను.

మూడు బస్తాల పొట్టులో తవుడు కలిపి, ప్రెషర్ డ్రమ్ములో ఉడికించి 60 సంచులు వేశాను. ఈ పుట్టగొడుగుకు చల్లదనం కావాలని పాత ఏసీ ఒకటి కొని గదిలో పెట్టించాం. 20, 22 డిగ్రీలు దాటకుండా రాత్రిళ్లు లేచి చూసుకునేదాన్ని. 38 సంచులకు ఆకుపచ్చ బూజు పట్టింది. 13 సంచుల్లో మైసీలియం (పుట్టగొడుగు మొలిచే ముందు పొట్టులో పాకే తెల్లటి దారాల అల్లిక) సగం దాకా పాకి ఆగిపోయింది. అదే వారం ఇవే చేతులతో కట్టిన వరిగడ్డి బెడ్లలో ఒక్కటీ పాడవలేదు.

సంచి విప్పితే పెయింటర్లు వాడే టర్పెంటైన్ వాసన గుప్పుమంది. అంటే అది పచ్చి పొట్టు. పైన్‌లోని జిగురూ నూనెలూ చాలా రకాల మైసీలియాన్ని ఎదగనివ్వవు. జపాన్‌లో ఎనోకి అనే పుట్టగొడుగు పెంచేవాళ్లు, పైన్ లాగే సూదుల్లాంటి ఆకులుండే సుగి చెట్టు పొట్టును నెలల తరబడి ఆరుబయట కుప్ప పోసి, నీళ్లు చల్లుతూ ఆ జిగురు పోగొట్టాకే వాడతారు. మీ కరపత్రంలో దీని గురించి ఒక్క మాట లేదు. 'బస్తా విప్పి వెంటనే వాడండి, 45 రోజుల్లో పంట' అని మాత్రం ఉంది. అడవిలో పైన్ చెట్ల మొదళ్లలో పుట్టే ఈ పుట్టగొడుగు నెమ్మదిగా ఎదిగే జాతి. మూడు నెలలైనా పట్టే పంటకు 45 రోజులని ఎలా అచ్చు వేయించారు?

ఫోన్ చేస్తే మీ మనిషి, 'సరుగుడు పొట్టు కలపండమ్మా, అదీ పైన్ జాతే' అన్నాడు. సరుగుడు పైన్ జాతి కాదు. ఆకులు సూదుల్లా కనిపిస్తాయి గానీ అవి సన్నటి కొమ్మలు, అది పూలు పూసే చెట్టు. బాపట్ల, చీరాల వైపు సరుగుడు తోటలు చూసిన రైతును ఎవరిని అడిగినా ఆ చెట్టేమిటో చెబుతాడు. చెక్క అమ్మేవాళ్లకు ఆ తేడా తెలియాలి కదా.

ఇంతవరకే అయితే నష్టం అనుకుని సర్దుకునేదాన్ని. ఫిబ్రవరి చివర్లో మిగిలిన తొమ్మిది సంచుల్లో మొగ్గలు వచ్చాయి. లేత పసుపు రంగులో, ముడతలు ముడతలుగా, పువ్వులా. నేను అంత అందమైన పంట ఎప్పుడూ తీయలేదు. ఆ వారమే మా వారు నాలుగో బస్తా విప్పారు. అడుగున మేకు దిగిన చెక్క ముక్క ఒకటి కనిపించింది. దాని మీద గోధుమ కంకి లాంటి గుర్తు, పక్కన 'ఎంబి' అనే ముద్ర ఉన్నాయి. సరుకు రవాణా పెట్టెల మీద వేసే ముద్ర అది, ఆయన రోజూ చూసేదే. 'హెచ్‌టి' అని ఉంటే చెక్క లోపలికి 56 డిగ్రీల వేడి అరగంట పట్టించారని అర్థం. 'ఎంబి' అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. ఆటోనగర్‌లో ఊరికే వస్తుంటే నేను వద్దన్న చెక్కనే మీరు నాకు డబ్బు తీసుకుని పంపారు.

ఆకుపచ్చ ఛాయ ఉన్న ముక్కలు కూడా దొరికాయి. చెదలు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించిన చెక్క అలాంటి రంగులోనే ఉంటుంది. పుట్టగొడుగు తాను పెరిగే చెక్కలోని లోహాలను పీల్చుకుంటుంది. నేను తొమ్మిది సంచులనూ మొగ్గలతో సహా మూట కట్టి చెత్త బండికి వేశాను. మా పిల్లలకు పెట్టలేనిది ఇంకొకరికి ఎలా అమ్ముతాను?

నా 18,600 రూపాయలు తిరిగి ఇవ్వండి. ఈ పొట్టు ఎక్కడి చెక్కతో చేశారో రాతపూర్వకంగా చెప్పండి, ల్యాబ్‌లో పరీక్ష చేయించి రిపోర్టు పంపండి. అన్నిటికన్నా ముందు, ఇదే సరుకు కొన్న మిగతావాళ్లందరికీ పంట తినవద్దని ఈరోజే ఫోన్ చేయండి. ఇది మాత్రం ఒక్క రోజు కూడా ఆగే పని కాదు. మిగతావాటికి 15 రోజులు చూస్తాను. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫిర్యాదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇక్కడి జిల్లా కమిషన్‌కు వెళతాను. కొన్నవాళ్లు తామున్న ఊళ్లోనే కేసు వేయవచ్చని ఆ చట్టంలో ఉంది.

నాలుగో బస్తా మూతి కట్టి, ముద్ర ఉన్న ముక్కతో పాటు భద్రంగా ఉంచాను. మీ మనిషి వస్తే ముందు చూపిస్తాను. నమూనా కావాలంటే సగం ఇస్తాను, సగం నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మీ కస్టమర్,
పటమట, విజయవాడ